భాస్వరం కరువులో కదలని జన్యువు ఏది? వరి ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

ప్రాజెక్టు పేరు చాంతాడంత ఉంది గానీ, పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. సాంబ మసూరి, అదే బీపీటీ 5204, నారుకు భాస్వరం అందకుండా చేస్తే వేళ్లలో ఏ జన్యువులు లేస్తాయి, ఏవి పడిపోతాయి అని చూడాలి. చూసే సాధనం క్యూపీసీఆర్, అంటే జన్యువు పనిచేసినప్పుడు తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ నకళ్లు ఎన్ని ఉన్నాయో, వాటిని సైకిల్ సైకిల్‌కూ రెట్టిస్తూ కొలిచే పద్ధతి. ఆ పనిలోకి దిగే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: దేనితో పోల్చి చూడాలి?

కొత్తగా చేరిన ఎమ్మెస్సీ పిల్లల కోసం కొంచెం విడమరిచి రాస్తున్నాను. యంత్రం మనకిచ్చేది సీటీ అనే అంకె ఒక్కటే. ట్యూబులోని మెరుపు ఒక గీత దాటడానికి ఎన్ని సైకిళ్లు పట్టిందో అదే సీటీ. సరుకు ఎక్కువుంటే తొందరగా దాటుతుంది, తక్కువుంటే ఆలస్యంగా దాటుతుంది. ప్రైమర్లు (కావలసిన జన్యువుకే అంటుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) సరిగ్గా పనిచేస్తే ఒక సైకిల్ తేడా అంటే సరుకులో రెండింతల తేడా. కానీ ట్యూబులోకి వెళ్లిన ఆర్‌ఎన్‌ఏ అన్ని శాంపిళ్లలో అచ్చంగా ఒకేలా ఉండదు, సీడీఎన్ఏ (ఆ ఆర్‌ఎన్‌ఏ నుంచి రాసుకునే డీఎన్‌ఏ నకలు) తయారీ కూడా ఒకేలా సాగదు. అందుకని మారదని నమ్మిన జన్యువు ఒకదాన్ని ప్రతి శాంపిల్‌లోనూ పక్కనే కొలిచి, మనకు కావలసిన జన్యువు సీటీలోంచి దాని సీటీ తీసేస్తాం. అదే రిఫరెన్స్ జన్యువు. అది కాస్తా కదిలిందంటే లెక్క మొత్తం పక్కకు పోతుంది. పైగా పోయినట్టు తెలియదు. గ్రాఫు అందంగానే వస్తుంది, ఎర్రర్ బార్లు చిన్నగానే ఉంటాయి.

మా ల్యాబులో ఇన్నాళ్లూ అందరూ యాక్టిన్ వాడారు. కారణం, ఫ్రీజర్లో యాక్టిన్ ప్రైమర్లు ఉన్నాయి.

జూన్, మూడో వారం

అభ్యర్థుల జాబితా వేశాను. తొమ్మిది: గ్యాప్‌డీహెచ్, యాక్టిన్, బీటా ట్యూబులిన్, యూబీక్యూ5, ఈఈఎఫ్1-ఆల్ఫా, 18ఎస్ (ప్రొటీన్లు తయారుచేసే కార్ఖానా లాంటి రైబోజోములో ఉండే ఆర్‌ఎన్‌ఏ), టిప్41, పీపీ2ఏ, యూబీసీ. "పేపర్లలో ఎక్కువసార్లు కనిపించినవి నాలుగు తీసుకుని మొదలుపెట్టేయమ్మా" అన్నారు సార్. నాకు మనసొప్పలేదు. ఒక్కో జన్యువునూ నిలబెట్టి, భాస్వరం లేకపోతే నీ పనికి ఏమవుతుంది అని అడిగి చూడాలనిపించింది.

గ్యాప్‌డీహెచ్ సంగతే తీసుకోండి. చక్కెరను విడగొట్టే గ్లైకాలసిస్‌లో అకర్బన ఫాస్ఫేటును, అంటే మొక్క భాస్వరాన్ని వాడుకునే రూపాన్ని, నేరుగా పట్టుకుని వాడుకునే ఎంజైము అది. ఫాస్ఫేటు కరువైతే మొక్క ఆ మెట్టును పక్కనపెట్టి, ఫాస్ఫేటు అక్కర్లేని ఇంకో రకం గ్యాప్‌డీహెచ్ మీదుగా దారి మళ్లించగలదని కెనడాలో ప్లాక్స్‌టన్ బృందం 1989లోనే ఆవజాతి మొక్క కణాల్లో చూపించింది. భాస్వరం కథ చెప్పే ప్రయోగానికి భాస్వరంతోనే కాపురం చేసే ఎంజైమును సాక్షిగా పెట్టడమేమిటి? అయినా పెట్టిన పేపర్లు ఉన్నాయి.

యాక్టిన్, ట్యూబులిన్ కణం అస్థిపంజరం లాంటివి. భాస్వరం తగ్గితే వరి మొదట చేసే పని వేరు వైపు పెట్టుబడి పెంచడం: వేరు సాగుతుంది, వేరు నూగు పెరుగుతుంది, మొక్క బరువులో వేరు వాటా పెరుగుతుంది. కణాలు సాగే చోట ఈ రెండూ నిలకడగా ఉంటాయని ముందే నమ్మడం కష్టం.

యూబీక్యూ5, ఈఈఎఫ్1-ఆల్ఫాలకు మంచి పేరుంది. 2006లో ఢిల్లీ విశ్వవిద్యాలయం సౌత్ క్యాంపస్ నుంచి వచ్చిన వరి అధ్యయనంలో రకరకాల కణజాలాల మధ్య అన్నిటికంటే నిలకడగా తేలినవి ఈ రెండే. మన దేశంలో వరి మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా తలిచే జంట. అయితే ఆ పనిలో కొలిచినవి కణజాలాలు, హార్మోన్లు, ఉప్పు, ఎండబెట్టడం వంటి ఒత్తిళ్లు. మా ప్రశ్న వేరు.

2005లో జర్మనీలోని గోల్మ్ మాక్స్ ప్లాంక్ సంస్థ నుంచి వచ్చిన అరబిడాప్సిస్ (ల్యాబుల్లో వాడే చిన్న ఆవజాతి మొక్క) పని మాకు ఇంకా దగ్గరిది. వాళ్లు జన్యువులను ఊహించి ఎంచలేదు. వేల జన్యువులను ఒకేసారి కొలిచే మైక్రోఅర్రే చిప్‌ల సమాచారం మొత్తం జల్లించి, పాత అలవాటు జన్యువుల కంటే నిలకడైనవి వందల్లో ఉన్నాయని చూపించారు. జల్లించిన వాటిలో పోషకాల ప్రయోగాలూ ఉన్నాయి. పీపీ2ఏ ఉపభాగం, టిప్41 లాంటివి అక్కడి నుంచే వాడుకలోకి వచ్చాయి. వరిలో వాటికి సరిసాటి జన్యువులను వెతికి జాబితాలో చేర్చాను.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. ఈస్టులో టిప్41, పీపీ2ఏ రెండూ టార్ అనే పోషకాల సంకేత వ్యవస్థలో పనిచేసేవే! పని చూసి అనుమానించాలంటే మొదటి అనుమానం వీటి మీదే రావాలి. కానీ ప్రొటీను పోషకాలను పసిగడితే దాని తయారీకి సందేశం మోసే ఎంఆర్‌ఎన్‌ఏ కూడా ఎగిరిపడాలని లేదు. మనం కొలిచేది ఎంఆర్‌ఎన్‌ఏని. కాబట్టి జన్యువు చేసే పనిని బట్టి అనుమానం పెట్టుకోవచ్చు గానీ తీర్పు మాత్రం కొలిచాకే.

యూబీసీ, అంటే ప్రొటీన్లకు యుబిక్విటిన్ అనే చీటీ తగిలించడంలో పనిచేసే ఎంజైముల కుటుంబం, దాని విషయంలో ఇంకో జాగ్రత్త. ఫాస్ఫేటు పీల్చుకోవడానికి కళ్లెం వేసే పీహెచ్ఓ2 కూడా ఈ కుటుంబపు మనిషే. ప్రైమర్ ఆ వైపు అంటుకోకుండా దాని 3' చివర (నకలు పెరగడం మొదలయ్యే కొన) బేసులు ఒకటికి రెండుసార్లు సరిచూశాను.

జూలై

తొట్ల పని. వరిని నీళ్లలో పెంచడానికి వాడే యోషిడా పోషక ద్రావణమే వాడుతున్నాం: నత్రజని 40 పీపీఎం, భాస్వరం 10, పొటాషియం 40. మైనస్ పీ (భాస్వరం ఇవ్వని) తొట్టిలో సోడియం ఫాస్ఫేటు తీసేసి, ఆ సోడియం లోటు సోడియం క్లోరైడుతో పూడ్చాం. లేకపోతే సోడియం తేడాను భాస్వరం తేడా అనుకునే ప్రమాదం ఉంది.

గింజలు నానబెట్టి, తడి గుడ్డలో మండె కట్టి, మొలకలను ముందు పోషకాలేవీ కలపని నీళ్లలో పెంచాం. గింజలోనే ఫైటేట్ రూపంలో భాస్వరం నిల్వ ఉంటుంది. అది ఖర్చయ్యేదాకా మైనస్ పీ మొక్కకు కరువు తెలియదు. అందుకే మొదటి శాంపిల్ తొందరపడి తీస్తే దొరికేది కరువు కాదు, గింజలో మిగిలిన నిల్వ.

తొట్లను సబ్బుతో కడగొద్దని గోడ మీద కాగితం అంటించాను. డిటర్జెంట్లలో ఫాస్ఫేటు ఉండొచ్చు. పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, తర్వాత బాగా శుద్ధిచేసిన మిల్లీక్యూ నీళ్లతో కడగాలి. బోరు నీళ్ల ఊసే వద్దు. గాలికి అక్వేరియం షాపులో దొరికే చిన్న పంపులు చాలు. తొట్టి చుట్టూ నల్ల కవరు చుట్టకపోతే నాచు పడుతుంది, ఉన్న భాస్వరం అది తాగేస్తుంది.

పీహెచ్ 5 దగ్గర నిలపడం రోజూ పనే. యోషిడాలో నత్రజని అమ్మోనియం నైట్రేటు రూపంలో ఉంటుంది. వరి ముందు అమ్మోనియంను లాక్కుంటుంది, బదులుగా ప్రోటాన్లు వదులుతుంది, దాంతో పీహెచ్ దిగుతుంది. ప్లస్ పీ తొట్టిలో మొక్కలు ఏపుగా ఉంటాయి కాబట్టి అక్కడ ఇంకా వేగంగా దిగుతుంది. సరిచేయకుండా వదిలేస్తే రెండు తొట్ల మధ్య భాస్వరంతో పాటు పీహెచ్ కూడా తేడా పడుతుంది. అప్పుడు కదిలిన జన్యువు దేనికి కదిలిందో చెప్పలేం.

రెండో శాంపిల్ నాటికి తేడా కంటికే తెలిసింది. మైనస్ పీ మొక్కలు పొట్టిగా, నిటారుగా, ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి. పిలకల జాడ లేదు. వేళ్లు మాత్రం పొడుగ్గా సాగి తొట్టి అడుగును తాకుతున్నాయి. నత్రజని లోపమైతే ఆకు పాలిపోతుంది. ఇక్కడ ఆకు పచ్చదనం చూసి పైరు బాగుందనుకునే వీలుంది. పొలంలో భాస్వరం లోపం చాలాసార్లు పట్టుబడకపోవడానికి ఇదీ ఒక కారణం కావొచ్చు.

శాంపిళ్లన్నీ ఉదయం ఒకే వేళకు తీస్తున్నాం. పగటి గడియారాన్ని బట్టి ఆడే జన్యువులు వరిలో చాలా ఉన్నాయి. ఒక తొట్టి పొద్దున్న, ఇంకోటి మధ్యాహ్నం కోస్తే ఆ తేడా భాస్వరం ఖాతాలో పడుతుంది.

ఆగస్టు

ఈ నెలంతా ఆర్‌ఎన్‌ఏ. కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అసలు మెలిక ఇక్కడే ఉంది.

వేళ్లను టిష్యూ పేపరుతో ఒత్తి, లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి, రోట్లో నూరి, ట్రైజాల్ అనే ద్రావణంతో తీస్తున్నాం. డీఎన్‌ఏస్ (మిగిలిన డీఎన్‌ఏని తినేసే ఎంజైము) తప్పనిసరి. ఆర్‌ఎన్‌ఏ శుభ్రతను కాంతితో కొలిచే నానోడ్రాప్‌లో 260/280 రెండు దగ్గర ఉంటే చాలామంది సంతోషపడిపోతారు. నేను 260/230 కూడా చూస్తాను. అది తక్కువుంటే గ్వానిడిన్ ఉప్పో, ఫినాలో మిగిలినట్టు. ఆర్‌ఎన్‌ఏని సీడీఎన్ఏగా రాసే ఎంజైము, రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్, దాన్ని భరించదు. జెల్ మీద వేరు శాంపిళ్లు 25ఎస్, 18ఎస్ రెండు బ్యాండ్లతో శుభ్రంగా వచ్చాయి. ఆకు శాంపిల్లో వాటి కింద క్లోరోప్లాస్టు రైబోజోముల బ్యాండ్లు కూడా కనిపిస్తాయి. మా జూనియర్ చూసి "అక్కా, ఆర్‌ఎన్‌ఏ విరిగిపోయింది" అని కంగారుపడ్డాడు. విరగలేదు, ఆకు అలాగే ఉంటుంది.

సమాన బరువున్న వేళ్ల నుంచి తీసినా, మైనస్ పీ వైపు ఆర్‌ఎన్‌ఏ తక్కువగా వస్తోంది. ఇది తీయడంలో లోపం కాదు. మొక్కలో సేంద్రియ రూపంలో ఉన్న భాస్వరంలో పెద్ద వాటా ఆర్‌ఎన్‌ఏదే, అందులోనూ రైబోజోముల ఆర్‌ఎన్‌ఏదే. కరువొస్తే మొక్క ఆ నిల్వను తగ్గించుకుని, భాస్వరాన్ని వేరే అవసరాలకు మళ్లిస్తుంది.

ఇప్పుడు 18ఎస్ సంగతి చూడండి. సీడీఎన్ఏ చేసేటప్పుడు అన్ని శాంపిళ్ల నుంచీ సమానంగా ఒక మైక్రోగ్రాము మొత్తం ఆర్‌ఎన్‌ఏ తీసుకుంటాం. ఆ మైక్రోగ్రాములో సింహభాగం రైబోజోముల ఆర్‌ఎన్‌ఏ. అంటే ప్రతి ట్యూబులోనూ 18ఎస్ దాదాపు సమానంగా ఉండేట్టు మనమే కొలిచి పోశాం. తర్వాత 18ఎస్ సీటీ చూసి "ఆహా, ఎంత నిలకడ!" అంటాం. బియ్యం కిలో చొప్పున తూచి సంచుల్లో కట్టి, మళ్లీ తూచి అన్నీ కిలోనే ఉన్నాయని ఆశ్చర్యపోయినట్టు. మొక్కలో అసలు 18ఎస్ తగ్గిందా లేదా అన్నది ఈ కొలతలో ఎప్పటికీ బయటపడదు.

బయటపడాలంటే బయటి సాక్షి కావాలి. మొక్కలో లేని లూసిఫరేజ్ ఆర్‌ఎన్‌ఏని ల్యాబులో తయారుచేసి, నూరిన వేళ్ల మీద ట్రైజాల్ పోసేటప్పుడే, తూచిన బరువుకు ఇంత అని కలిపాం. తర్వాత దాంతో పోల్చి చూస్తే మైనస్ పీ వేళ్లలో 18ఎస్ స్పష్టంగా తగ్గింది. కొన్ని శాంపిళ్లకే చేశాం, ఖర్చు భరించలేక.

18ఎస్‌తో వేరే తంటాలూ ఉన్నాయి. ఎంఆర్‌ఎన్‌ఏలకు ఉండే పాలీ-ఏ తోక దానికి లేదు కాబట్టి, ఆ తోకకు అంటుకునే ఒలిగో డీటీతో చేసిన సీడీఎన్ఏలో సరిగ్గా రాదు, ఎక్కడైనా అంటుకునే ర్యాండమ్ హెక్సామర్లు వాడాలి. పైగా సరుకు విపరీతంగా ఉండి సీటీ పదిలోపే వచ్చేస్తుంది. ముప్పై దగ్గర వచ్చే జన్యువును దాని పక్కన పెట్టి తీసివేతలు చేయడం నాకు నచ్చదు.

సెప్టెంబరు

ప్రైమర్లు. ఒక్కో జన్యువుకూ సీడీఎన్ఏని అయిదింతల చొప్పున పలచన చేస్తూ స్టాండర్డ్ కర్వ్ గీశాం. వాలు మైనస్ 3.32 వస్తే సామర్థ్యం నూరు శాతం, అంటే సైకిల్‌కు సరిగ్గా రెండింతలు. 90 నుంచి 110 దాకా ఒప్పుకుంటాం. ట్యూబులిన్ మొదటి జత మెల్ట్ కర్వ్‌లో రెండు శిఖరాలు చూపించింది, అంటే ఒకటి కాదు, రెండు రకాల ముక్కలు పెరుగుతున్నట్టు; తీసేసి కొత్త జత తెప్పించాం. మిగతావి సాఫీగా పోయాయి.

ప్లేటు అమరిక గురించి మాత్రం చెప్పాలి. ప్లస్, మైనస్; వేరు, ఆకు; మూడు వయసులు; ఒక్కోదానికి మూడు వేర్వేరు తొట్లు. మొత్తం 36 శాంపిళ్లు. రెండేసి బావులు వేస్తే 72. 96 బావుల ప్లేటులో మిగిలిన వాటిలో స్టాండర్డ్ కర్వ్, నీళ్ల కంట్రోలు, రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ వేయని కంట్రోలు పట్టేస్తాయి. అంటే ఒక ప్లేటు, ఒక జన్యువు, శాంపిళ్లన్నీ. ఇలా కాకుండా ఒక ప్లేటులో ప్లస్‌లు, ఇంకో ప్లేటులో మైనస్‌లు పెడితే, యంత్రం ఒక రోజుకీ ఇంకో రోజుకీ చూపే తేడా సూటిగా మన జవాబులోకి దూరుతుంది. తొట్టి వేరైతేనే బయోలాజికల్ రెప్లికేటు, అంటే విడిగా లెక్కపెట్టదగ్గ ప్రయోగం. ఒకే తొట్టిలోని మూడు మొక్కలను మూడు రెప్లికేట్లని రాయడం మా ఊళ్లో చెల్లదు.

అక్టోబరు

అంకెలన్నీ చేతికొచ్చాయి. ముందు ఏ సాఫ్ట్‌వేరూ తెరవకుండా, సీటీలను వయసు వారీగా ఉత్త గీతలుగా గీసి చూశాను. వేళ్లలో గ్యాప్‌డీహెచ్, యాక్టిన్ రెండు తొట్ల మధ్య విడిపోయి కనిపించాయి. ట్యూబులిన్ వయసుతో పాటే జారిపోతోంది. ఈ మూడింటికీ ఇంకో పరీక్ష అక్కర్లేదనిపించింది గానీ, రివ్యూయర్లకు బొమ్మలు కావాలి.

తర్వాత నిలకడను లెక్కేసే సాఫ్ట్‌వేర్లు. మూడు వాడితే మూడు జవాబులొచ్చాయి. వేరు శాంపిళ్లలో జీనార్మ్ ప్రకారం మొదటి జంట యూబీక్యూ5, ఈఈఎఫ్1-ఆల్ఫా. నార్మ్‌ఫైండర్‌లో పైన టిప్41, దాని వెనకే పీపీ2ఏ. బెస్ట్‌కీపర్‌లో 18ఎస్.

"ఈ మూడింటితో పాటు ఇంకో పద్ధతినీ కలిపి ర్యాంకుల సగటు ఇచ్చే రెఫ్‌ఫైండర్ ఉందిగా అక్కా, అందులో వేసేద్దాం" అన్నాడు జూనియర్. వేయొచ్చు. కానీ మూడు ఎందుకు విడిపోయాయో అడక్కుండా ర్యాంకుల సగటు తీస్తే, ముగ్గురు సాక్షులు మూడు మాటలు చెబితే మధ్యేమార్గంగా తీర్పు రాసేసినట్టే. పైగా అది తీసుకునేది ఉత్త సీటీలను. ప్రైమర్ సామర్థ్యాల కోసం పడ్డ తిప్పలేవీ అందులోకి రావు.

బెస్ట్‌కీపర్ చూసేది ముఖ్యంగా సీటీల చెదురు. 18ఎస్ ఎందుకు చెదరలేదో ఆగస్టులోనే రాశాను. ఆ జవాబు అక్కడితో సరి.

జీనార్మ్ పద్ధతి వేరు. 2002లో గెంట్ విశ్వవిద్యాలయంలో తయారైంది. ప్రతి జన్యువునూ మిగతావాటితో జతకట్టి, ఆ జతల నిష్పత్తి శాంపిల్ నుంచి శాంపిల్‌కు ఎంత ఊగుతోందో చూస్తుంది. ఎక్కువ ఊగే దాన్ని బయటకు పంపుతూ చివరికి ఒక జంటను మిగులుస్తుంది. రెండు జన్యువులు చేయీ చేయీ పట్టుకుని ఒకేసారి పైకీ కిందకీ పోతుంటే వాటి నిష్పత్తి కదలదు. జీనార్మ్‌కు అవి నిలకడగానే కనిపిస్తాయి. వరి యూబీక్యూ5 ఏమిటో తెరిచి చూస్తే, యుబిక్విటిన్‌కు రైబోజోములోని ఎస్27ఏ ప్రొటీను అతికి ఉన్న జన్యువు. ఈఈఎఫ్1-ఆల్ఫా ప్రొటీను తయారీలో అమైనో ఆమ్లాలను రైబోజోముకు అందించేది. రెండూ ఒకే కార్ఖానాలో పనివాళ్లు. పోషకం తగ్గితే కార్ఖానా ఉత్పత్తి తగ్గించుకుంటుంది, ఇద్దరూ కలిసే తగ్గుతారు. నా గీతల్లో చివరి వయసు మైనస్ పీ వేళ్లలో రెండూ కలిసే ఒక పక్కకు జరిగాయి. చిన్న జరుగుడే, కానీ మూడు తొట్లలోనూ ఒకే దిక్కు.

నార్మ్‌ఫైండర్ 2004లో డెన్మార్క్ నుంచి వచ్చింది. దానికి ఏ శాంపిల్ ప్లస్, ఏది మైనస్ అని ముందే చెప్పొచ్చు. గుంపు లోపలి ఊగిసలాటను, గుంపుల మధ్య తేడాను విడిగా లెక్కిస్తుంది. ప్లస్, మైనస్‌ల మధ్య కదలని జన్యువు కావాలన్నది మా ప్రశ్న కాబట్టి, దానికి సూటిగా జవాబిచ్చేది ఇదే. దీనికీ పరిమితి ఉంది: నేనిచ్చిన తొమ్మిదిలోనే వెతుకుతుంది. తొమ్మిదీ ఒకే వైపు ఒరిగితే అది కనిపెట్టలేదు. అందుకే జాబితా వేసేటప్పుడు వేర్వేరు పనులు చేసే జన్యువులను కలగలపడం మంచిదైంది.

యూబీక్యూ5ని పక్కనపెట్టి జీనార్మ్‌ను మళ్లీ నడిపాను. ఈసారి టిప్41, పీపీ2ఏ పైకొచ్చాయి. రెండు రిఫరెన్సులకు మూడోది కలిపితే లెక్క ఎంత మారుతుందో చెప్పే వీ2/3 విలువ 0.15 లోపే ఉంది, అంటే మూడో జన్యువు కలపక్కర్లేదు.

నవంబరు

ఎంచిన జంట నిజంగా పనికొస్తుందా అని పరీక్ష. ముందు ఐపీఎస్1. భాస్వరం కరువుకు ఇది జెండా లాంటి జన్యువు, వందల రెట్లు లేస్తుంది. ప్రొటీను చేయదు, వేరే జన్యువుల ఎంఆర్‌ఎన్‌ఏని తెగ్గొట్టే చిన్న ఆర్‌ఎన్‌ఏ అయిన మైక్రోఆర్‌ఎన్‌ఏ 399ని పట్టుకుని కట్టేస్తుంది. టిప్41, పీపీ2ఏలతో లెక్కేసినా లేచింది, యాక్టిన్‌తో లెక్కేసినా లేచింది, గ్యాప్‌డీహెచ్‌తోనూ లేచింది. సార్ చూసి "మరి ఇంత గొడవ దేనికమ్మా?" అన్నారు.

నిజమే, ఐపీఎస్1కి గొడవ అక్కర్లేదు. వందల రెట్లు లేచే దానికి రిఫరెన్స్ ఒక సైకిల్ అటూఇటూ అయితే ఏమవుతుంది? చాలా పేపర్లు ఈ పరీక్షతోనే ఆపేస్తాయి. కష్టమంతా చిన్న మార్పుల దగ్గర. పీహెచ్ఓ2నే తీసుకోండి. కరువులో మైక్రోఆర్‌ఎన్‌ఏ 399 దాన్ని తెగ్గొడుతుంది కాబట్టి ఎంఆర్‌ఎన్‌ఏ తగ్గాలి. సగానికి తగ్గిందనుకుందాం, అంటే సీటీ ఒకటి పెరుగుతుంది. రిఫరెన్స్ కూడా అదే కరువులో సగానికి పడితే దాని సీటీ కూడా ఒకటి పెరుగుతుంది. తీసివేస్తే సున్నా. పీహెచ్ఓ2 మారలేదని రాసేస్తాం, కథ తలకిందులవుతుంది. మా అంకెల్లో సరిగ్గా ఈ తరహాదే జరిగింది: టిప్41, పీపీ2ఏ జంటతో పీహెచ్ఓ2 తగ్గుదల కనిపించింది, గ్యాప్‌డీహెచ్‌తో ఆ తగ్గుదల దాదాపు మాయమైంది. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూపిస్తే సార్ ఇక ఏమీ అనలేదు. యాక్టిన్ ప్రైమర్ల పెట్టెను పై అరలోకి మార్చమన్నారు.

రెండు రిఫరెన్సులు వాడేవాళ్లకు చిన్న చిట్కా: పరిమాణాలకు జ్యామితీయ సగటు తీయాలంటారు గదా, సామర్థ్యాలు సమానంగా ఉంటే సీటీలకు మామూలు సగటు తీసినా అదే లెక్క. సీటీలకు జ్యామితీయ సగటు తీసిన ఎక్సెల్ షీట్లు మా దగ్గరే ఉన్నాయి.

ఆకుల్లో కథ కొంచెం వేరు. టిప్41 నిలబడింది గానీ, పీపీ2ఏ కంటే యూబీసీ మెరుగ్గా వచ్చింది. వేరుకు ఒక జంట, ఆకుకు ఒక జంట పెట్టుకోవాల్సిందే. వేరునూ ఆకునూ నేరుగా పోల్చాల్సి వస్తే టిప్41 మాత్రమే రెంటికీ ఉమ్మడి. అలాంటి పోలికలు వీలైనంత తగ్గించుకుంటాం.

డిసెంబరు

తర్వాతి మెట్టు తిరిగి భాస్వరం ఇవ్వడం. కరువులో పెంచిన మొక్కను ప్లస్ పీ తొట్టిలోకి మార్చి, గంటల లెక్కన శాంపిళ్లు తీయాలి. అక్టోబరు జంట అక్కడా పనిచేస్తుందని నేను ముందే రాయను. ఆకలి తీరగానే మొక్క రైబోజోముల తయారీ మళ్లీ మొదలుపెడుతుంది, మొత్తం ఆర్‌ఎన్‌ఏలో ఎంఆర్‌ఎన్‌ఏ వాటా మారుతుంది. యూబీక్యూ5, ఈఈఎఫ్1-ఆల్ఫాలకు అది ఇంకా గట్టి కుదుపు.

కాబట్టి ఆ ప్రయోగంలో ఏడు జన్యువులను మళ్లీ మొదటి నుంచీ నడుపుతాం. గ్యాప్‌డీహెచ్, 18ఎస్ మాత్రం ఉండవు. లూసిఫరేజ్ ఆర్‌ఎన్‌ఏ ఈసారి అన్ని శాంపిళ్లకూ కలపాలని సార్‌ని ఒప్పించాను. డబ్బు కోసం ఆకు శాంపిళ్లు వదులుకోవాల్సి వచ్చింది. సున్నా గంట శాంపిల్‌కు మైనస్ పీ తొట్టితో పాటు, మైనస్ పీ నుంచి మైనస్ పీకే మార్చిన ఇంకో తొట్టి కూడా ఉండాలి. వేళ్లను పైకెత్తి మార్చిన కుదుపుకు కొన్ని జన్యువులు ఉలిక్కిపడతాయి, దాన్ని విడిగా చూడాలి. విత్తనాలు సోమవారం నానబెడుతున్నాం. పంపులు రెండు మొరాయిస్తున్నాయి, ఆలోగా కొత్తవి తేవాలి.